అకువా బిరాగో పుట్టిన వారం

అసువాసోలో లారీలు ఆగే మలుపు దగ్గర అకువా బిరాగో సజ్జ జావ అమ్మడం మొదలుపెట్టి నలభై రెండేళ్లయింది. అల్లం, మిరియం, లవంగం దంచి కాచిన జావ. పక్కన మూకుడులో అలసంద వడలు. ఆవిడ దగ్గర జావ తాగినవాడికి ముక్కూ చెవులూ రెండూ తెరుచుకునేవి. ముక్కు మిరియానికి, చెవులు ఆవిడ నోటికి.

చదివింది మూడో తరగతి. నాలుగోది చదవాల్సిన ఏడు తమ్ముణ్ణి వీపున కట్టి ఇంట్లో కూర్చోబెట్టారు. "ఆ నాలుగోది కూడా చదివుంటేనా, ఈ జిల్లా అధికారి నన్ను సెలవడిగి ఇంటికి వెళ్లేవాడు" అనేది. మొగుడు లారీ నడిపేవాడు. ఒక ఏడు ఉల్లిపాయల కోసం ఉత్తరాదికి వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. ఎవరైనా అయ్యో పాపం అనబోతే, "ఆ పాపమేదో వాణ్ణి తగిలించుకున్నదానికి అనండి" అని నోరు మూయించేది. నలుగురు పిల్లలూ ఆ జావకుండ మీదే పెరిగారు, ఒకడు టైలరు కూడా అయ్యాడు.

బిరాగోకి గొప్పలు రెండు. ఒకటి బుధవారం, రెండోది ఆసుపత్రి.

ఆ ఊళ్లో మనిషికి మొదటి పేరు పెట్టేది అమ్మా నాన్నా కాదు, పుట్టిన వారం. బుధవారం ఆడపిల్ల అకువా, గురువారం పిల్ల యా, శుక్రవారం పిల్ల అఫియా. వెనకాల ఎన్ని పేర్లు తగిలించుకున్నా ఆ మొదటి పేరు ప్రాణంతో కలిసి వచ్చిందే. నెలాఖరు ఆదివారం చర్చిలో కానుకలు పడేదీ వారాల లెక్కనే. వారానికొక బెంచీ. డోళ్లు మోగుతుంటే ఒక్కో బెంచీవాళ్లు లేచి, చేతిరుమాళ్లు ఊపుకుంటూ, నడుం తిప్పుకుంటూ పెట్టె దాకా వెళ్లి వేసి రావాలి. ఏ వారం గెలిచిందో చివర్లో ఉపదేశి అరిచి చెబుతాడు. బుధవారం బెంచీకి తల్లి బిరాగో. ఆవిడ ముందు నడుస్తుంటే వెనకున్నవాళ్లు జేబులో చిల్లరే ఉన్నా సిగ్గుపడి నోటు తీసేవాళ్లు. గురువారం బెంచీకి తల్లి యా మానూ, బిరాగో కంటే రెండేళ్లు పెద్దది. పొడుగాటి మనిషి, తక్కువ మాట్లాడుతుంది, ఆ తక్కువలోనే సూది దాచుకుంటుంది. ఆ ఇద్దరి పోటీ వల్లే చర్చికి రేకులు పోయి పెంకులు వచ్చాయి.

ఇక ఆసుపత్రి. మిషన్ ఆసుపత్రిలో, తెల్ల దుప్పటి మీద, టోపీ పెట్టుకున్న నర్సమ్మ చేతుల్లో తను పుట్టానని బిరాగో జావ తాగడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేది. "మీరంతా అరటాకుల మీద పడ్డ సరుకు. నేను దుప్పటి మీద పడ్డదాన్ని. అందుకే నా నడుం ఇంకా నిటారుగా ఉంది."

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే ఆరోగ్య కేంద్రం నర్సు అఫియా దూఫీ వచ్చి బల్ల మీద కూర్చుంది. జావలో చెంచా తిప్పుతోంది గానీ నోట్లో పెట్టుకోవడం లేదు.

"ఏమే, నీ మొహం చూసి నా గిరాకీ పారిపోతోంది. తాగు, లేకపోతే లే."

"పెద్దమ్మా, దోమతెరల పేజీ పెట్టి మూడు నెలలైంది. పంతొమ్మిది మంది ఇచ్చారు. అందులో పదకొండు మంది నాతో చదువుకున్నవాళ్లు."

"మిగతా ఎనిమిది మందీ?"

"అందులో ముగ్గురు మా అన్నలు."

కుమాసీ పట్నంలో కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడొకడితో కలిసి దూఫీ ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచింది. చుట్టుపక్కల కోకో తోటల్లో ఉన్న గుడిసెల ఊళ్లకి మందు పట్టించిన దోమతెరలు ఇవ్వాలని. ఫోన్లో చూపించింది. బిరాగో కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని చూసింది.

"ఇక్కడ నొక్కితే డబ్బు వెళ్లిపోతుంది, పెద్దమ్మా."

"ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు."

"చప్పుడు?"

"చప్పుడేంటి?"

"ఇచ్చినప్పుడు చప్పుడే. డోలు, చప్పట్లు, పక్కింటిది మూతి తిప్పుకోవడం. ఏమీ లేదా? దొంగలు కూడా ఇంతకంటే సందడిగా పని చేసుకుంటారు కదే!"

దూఫీకి నవ్వొచ్చింది, దాంతో జావ కూడా లోపలికి దిగింది. బిరాగో వదల్లేదు. "సరే, తెరలే ఎందుకు? చర్చి గేటుకి కమాను కట్టిస్తామంటున్నారుగా. అది పదికాలాలు నిలబడుతుంది. అడిగితే దానికిస్తాం."

"ఆ కమాను ఖర్చుతో నాలుగు ఊళ్లలో ప్రతి పిల్ల మంచానికీ తెర కట్టొచ్చు. కమాను కింద నిలబడితే జ్వరం ఆగుతుందా? ఏ పనికి ఇస్తే ఎక్కువమంది బతుకుతారో లెక్క తీసి పేజీలో పెట్టాం. ఇచ్చి వదిలెయ్యం కూడా. ఆర్నెల్లకి ఒకళ్లు వెళ్లి మంచం మంచం చూసొస్తారు. తెర మంచానికుందా, కోళ్లగూటికి చుట్టారా, ఉన్నది ఉన్నట్టు రాస్తాం. పోయినసారి ఒక ఊళ్లో తెరలు పొట్టివి ఇచ్చాం, కాళ్లు బయటికొచ్చేవి. అదీ రాశాం."

"మీ తప్పు మీరే రాసుకున్నారా? అందరూ చూసేలా?"

"మొదట కనపడేది అదే."

బిరాగో గరిటె కుండకి ఆనించింది. తన తప్పు తానే గోడకెక్కించుకున్న మనిషిని డెబ్భై అయిదేళ్లలో చూడలేదు. కోకో కొనేవాళ్లు ఎక్కించలేదు, మొగుడు సరేసరి. "పిచ్చిపిల్లలు" అంది. అని ఇంకో వడ వేసింది, ఊరికే.

"విను. నీ పేజీకి కావాల్సింది వారాలు. ఇచ్చేవాణ్ణి ఏ వారం పుట్టావని అడుగు. ఏ వారం ముందుందో చర్చి గోడ మీద చూపించు. నెలాఖరుకి నేను చర్చిలో నిలబడి పిలుస్తా. శనివారంవాళ్లని నాలుగు తిడితే నీ తెరలు వాటంతటవే నడిచొస్తాయి."

అలాగే అయింది. ఊళ్లోవాళ్లే కాదు, హాంబర్గులో బస్సులు కడిగేవాళ్లు, టొరంటోలో ముసలాళ్లకి స్నానాలు చేయించేవాళ్లు, అసువాసోలో బొడ్డు ఊడిన ప్రతివాడూ ఫోన్ తీశాడు. సోమవారాన్ని మంగళవారం వెక్కిరించడం, ఆదివారంవాళ్లు దేవుడి రోజు మాదేనని మీసం తిప్పడం, అంతా ఫోన్లోనే. చిక్కల్లా ఒకటే. అక్కడ పుట్టిన పిల్లలకీ, వాళ్లు కట్టుకున్న తెల్లవాళ్లకీ తాము పుట్టిన వారమేదో తెలియదు. తేదీ మాత్రం తెలుసు. అందుకని కుమాసీ కుర్రాడు పేజీలో పుట్టిన తేదీ అడిగి, వారం అదే లెక్కగట్టి పేరుకి ముందు తగిలించేలా చేశాడు. హాంబర్గులో ఒక బస్సు డ్రైవరు తను క్వాకూనని, అంటే బుధవారంవాణ్ణని తెలుసుకుని ప్రతి బుధవారమూ ఒక తెర పంపడం మొదలెట్టాడు. బిరాగో ఆ మనిషి ఫోటో చూసి, "మావాడే. ఆ నుదురు చూడు" అంది.

ఊళ్లో ముసలివాళ్లకి ఫోన్లో రాయడం రాదు కనుక, వాళ్ల పేర్లూ పుట్టిన తేదీలూ దూఫీ తనే ఆరోగ్య కార్డులు చూసి ఎక్కించింది. పొరపాటు జరిగింది అక్కడే.

ఆ కార్డులిచ్చిన ఏడు గుమాస్తా ఒకడు వచ్చి బల్ల వేసుకుని కూర్చున్నాడు. పుట్టిన తేదీ అడిగితే "కోకో ధర పెరిగిన ఏడు, పెద్ద వానలు వెనకబట్టాక" అని చెప్పింది బిరాగో. వాడు తల గోక్కుని, వేళ్ల మీద ఏదో లెక్కేసి, జులై ఒకటి అని రాసుకున్నాడు. ఆవిడ వెనకున్నవాడికీ జులై ఒకటే. వాడి వెనకున్నవాడికీ అంతే. అసువాసోలో అరవై దాటిన ప్రాణులంతా ఏళ్లు వేరైనా ఒకే తేదీన పుట్టారు. తేదీతో పనేముంది గనక, ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు.

నెలాఖరు ఆదివారం చర్చి గోడకి తెల్లగుడ్డ కట్టి, దాని మీద పేజీని సినిమాలా వేశారు. బిరాగో గంజిపెట్టిన కొత్త బట్ట కట్టుకుని, తలగుడ్డ ఎత్తుగా చుట్టి బుధవారం బెంచీ ముందు నిలబడింది. పేర్లు ఒకటొకటే పైకి జరుగుతున్నాయి. జరుగుతూ జరుగుతూ ఒకచోట ఆగాయి.

యా బిరాగో. గురువారం.

ఉపదేశి క్వాబెనా అప్రాకూ మంగళవారం మనిషి. ఆయన్ని పేజీ శనివారంలో వేసింది. డోలు కొట్టేవాడి తాతకి ఆడవాళ్ల పేరైతే పెట్టలేదు గానీ ఆదివారంలోకి తోసింది. ముసలివాళ్లంతా లేచి ఒక్కసారిగా అరిచారు. ఆ గోలలో యా మానూ ఒక్కతే నిదానంగా తన బెంచీ మీద పక్కకి జరిగి, చేత్తో చోటు తుడిచింది.

"రా చెల్లీ. ఇన్నేళ్లూ పరాయి బెంచీ మీద కూర్చుని నడుం పట్టేసి ఉంటుంది."

గురువారంవాళ్లు పడీపడీ నవ్వారు. బిరాగో తలగుడ్డ సర్దుకుని గుమ్మం వైపు నడిచింది.

బయటికొచ్చాక దూఫీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, తప్పు నాది. ఒక్క మీట నొక్కితే నీ వారం మార్చేస్తా."

మానూ వెనకే ఉంది. "ఊరికే మారుస్తావా? రేపు ఓడిపోయిన ప్రతివాడూ గెలిచే వారంలోకి దూకుతాడు. నా బాప్టిజం కాగితం మా నాన్న పెట్లో దాచిపెట్టాడు. కాగితం లేని వారం వారమేనా, ఉపదేశి గారూ?"

ఉపదేశికి తన శనివారం మింగుడు పడకుండా ఉంది. అయినా న్యాయం చెప్పాలి కదా. "వచ్చే ఆదివారం కల్లా ఎవరి రుజువు వాళ్లు తెచ్చుకోండి. కాగితమైనా సరే, పదిమంది ఒప్పుకునే మాటైనా సరే. అందాకా గోడ మీద ఉన్నదే ఉన్నట్టు." ఆ మాటతో ముసలివాళ్లు మొండికేశారు. మా వారం మాకిచ్చేదాకా ఒక్క పెసెవా నాణెం కూడా వెయ్యం అన్నారు. తెరలు అందాల్సిన క్వాయెక్రోమ్ ఊరు ఇంకా మిగిలే ఉంది. వానలకి ఇంకా మూడు వారాలే ఉంది.

"నీకేం బెంగ, అకువా?" అన్నారు బుధవారంవాళ్లు. "నువ్వు ఆసుపత్రిలో పుట్టినదానివి. అక్కడ పుస్తకంలో రాసి ఉంటుంది. తీసుకొచ్చి దాని మొహాన కొట్టు."

"అవును కదా!" అంది దూఫీ. "అక్కడ పాత పుస్తకాలు చూసే పిల్ల నా స్నేహితురాలే. ఫోన్ చేస్తా."

బిరాగో గబుక్కున ఆ పిల్ల ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఎందుకులే, పాపం పని మీద ఉంటుంది" అంది. ఆవిడ ఇంకొకళ్ల పని గురించి ఆలోచించడం అదే మొదలు.

దూఫీ మంగళవారం వచ్చింది. బల్ల మీద వేరే ఎవరూ లేకుండా చూసి మెల్లగా చెప్పింది. "పెద్దమ్మా, ఆ ఆసుపత్రి కట్టేనాటికి నీకు ఆరేళ్లు. నేనెవరికీ చెప్పనులే. పుస్తకానికి చెదలు పట్టిందని చెబుదాం."

చెదల కంటే ఆ పిల్ల గొంతులో జాలి ఎక్కువ కొరికింది. "నీ జాలి పట్టుకెళ్లి నీ రోగులకి పోసుకో" అంది బిరాగో. దూఫీ వెళ్లాక వడలు రెండు మాడాయి. గురువారం బెంచీ మీద కూర్చోవడమంటే అమ్మ పెట్టిన పేరు తీసేసుకోవడమే. నువ్వు అకువావి కావు, నిన్ను పిలిచిన ప్రతి పిలుపూ తప్పే అని ఒప్పుకోవడం. మానూ పక్కన ఆ తుడిచిన చోటులో! చెదల అబద్ధం ఆడదామంటే అది మొదటి అబద్ధానికి వేసే రెండో అతుకు. ఎన్నాళ్లు ఆగుతుందో తెలియదు.

గురువారం జావకి గిరాకీ ఎక్కువ. ఆ రోజు ఎవరూ చేలకి పోరు కనుక. కోకో రైతొకడు మూడో గిన్నె తాగి కాళ్లు చాపుకున్నాడు.

"ఏరా, అత్తారిల్లనుకున్నావా? లేచి చేనుకి పో."

"ఇవాళ గురువారం కదే అవ్వా. భూమితల్లి రోజు. నేలకి కత్తి తగిలిస్తే ఊరుకుంటుందా? మా తాత చెయ్యలేదు, ఆయన తాత చెయ్యలేదు. నన్ను చెయ్యమంటావా?"

బిరాగో చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. జావ చుక్కలు చుక్కలుగా నిప్పుల్లో పడుతోంది.

"అవ్వా, నిప్పులు తాగుతున్నాయి" అన్నాడు వాడు.

రుజువు దొరికింది. కాగితం అక్కర్లేని రుజువు, ఊళ్లో ఎవరూ కాదనలేని రుజువు. కానీ దాని ఖరీదు చూస్తే మూడు రోజుల పాటు ఆవిడకి ముద్ద దిగలేదు. నోరు కూడా లేవలేదు. లారీవాళ్లు ఆవిడకి జ్వరమనుకున్నారు.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. ఒకడు బాప్టిజం కాగితం తెచ్చాడు. డోలువాడి తాత, తను పుట్టిన రోజే ఊళ్లో పడ్డ సంత గురించి చెప్పి తన వారం తను గెలుచుకున్నాడు. ఉపదేశి తన కాగితం తనే చదివి తనే ఒప్పుకున్నాడు. చివరికి బిరాగో వంతు వచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"ఆసుపత్రి పుస్తకమేదమ్మా?" అన్నాడు ఉపదేశి.

"లేదు. నేను ఆసుపత్రిలో పుట్టలేదు."

బుధవారం బెంచీలో ఎవరిదో విసనకర్ర కింద పడింది.

"తెల్ల దుప్పటి లేదు. టోపీ నర్సమ్మ లేదు. నలభై ఏళ్లుగా చెప్పిందంతా నా నోటి వాటమే. నేను పుట్టింది నది అవతల పెండలం చేనులో. మా అమ్మ కలుపు తీస్తుంటే నొప్పులొచ్చాయి. అరటాకులు పరిచి పడుకోబెట్టారు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వుకోండి, తర్వాత నాకు టైము లేదు." ఎవరూ నవ్వలేదు. "ఆ రోజు చేనులో కలుపుకి కలిసి దిగినవాళ్లు పన్నెండు మంది ఆడవాళ్లు. పన్నెండు కలుపు కత్తులు. గురువారం నాడు భూమికి కత్తి తగిలించే మనిషి ఈ ఊళ్లో ఒక్కరైనా ఉన్నారా? పన్నెండు మంది ఉంటారా? ఉండరు. కాబట్టి నేను గురువారం కాదు. గోడ మీది రాత ఒట్టిది."

శుక్రవారం బెంచీ నుంచి ఒకడు గొణిగాడు. "గురువారం కాకపోతే శుక్రవారం కావచ్చుగా. మాతో వచ్చెయ్."

"నోర్ముయ్. ఆ గుమాస్తా రాసింది అబద్ధమని తేలాక, ఇక మిగిలేది మా అమ్మ మాట. అమ్మ నన్ను అకువా అంది. నీకు అమ్మ చెప్పిందా, గుమాస్తా చెప్పాడా నువ్వు శుక్రవారం కోఫీవని?"

వాడు కూర్చున్నాడు. ఇక్కడితో ఆపినా సరిపోయేది. ఆపలేదు. ఆవిడ తిరిగి మానూ వంక చూసింది. మూడు రోజులు ముద్ద దిగనివ్వనిది ఈ మిగతా సగమే.

"ఆ పన్నెండు మందిలో ముందు నడిచింది అబెనా చెరేవా. ఈ మానూ తల్లి. నా బొడ్డు కోసింది ఆవిడే. దోమలు ముసురుతుంటే తన పైబట్ట విప్పి నా మీద కప్పి, తను సాయంత్రం దాకా లోబట్టతో ఉండిపోయింది. మా అమ్మ వందసార్లు చెప్పింది. నేను ఒక్కసారీ ఎవరికీ చెప్పలేదు. ఈవిడ ఇంటికి నేను బాకీపడ్డానంటే నా తల తెగినట్టు ఉండేది. ఇప్పుడు చెప్పవే మానూ, ఆ పన్నెండు మందీ గురువారం నేల గీకిన పాపిష్టివాళ్లా? అయితే మొదటి కత్తి మీ అమ్మదే."

అందరూ మానూ వైపు తిరిగారు. ఆవిడ నిదానంగా లేచింది. లేవడానికే ఒక పాట పాడినంత సేపు పట్టింది.

"మా అమ్మ గురువారం నాడు కాలికి ముల్లు దిగినా తీసేది కాదు, నేలకి దెబ్బ తగులుతుందేమోనని" అంది. "ఈవిడ బుధవారమే. నాకు ముందే తెలుసు."

"తెలుసా!"

"చేను తెలుసు, అరటాకులు తెలుసు. మా అమ్మ పోయేముందు ఒట్టేయించుకుంది. బిరాగో తనంతట తను చెబితే తప్ప నోరెత్తొద్దని. ఆ తెల్ల దుప్పటి ఉతికి ఆరేస్తుంటే చూస్తూ కూర్చున్నా. నలభై ఏళ్లు! ఎంత ఓర్పు ఇచ్చాడో నాకు దేవుడు."

"మరి పోయిన ఆదివారం నన్ను గురువారంలోకి ఎందుకు లాగావు?"

"ఎలాగైనా చెప్పిద్దామని. నాకూ డెబ్భై ఏడొచ్చాయి, ఇంకా ఎన్నాళ్లని నోరు కట్టుకోను?"

చర్చి పెంకులెగిరేలా నవ్వు. బిరాగో నవ్వలేదు గానీ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకుని దూఫీని పిలిచింది. "రాయవే. ఈ నెల నా డబ్బు నా పేర వద్దు. అబెనా చెరేవా పేర వెయ్యి. క్వాయెక్రోమ్‌కి తెరలు."

"పెద్దమ్మా, అబెనా అంటే మంగళవారం. అది మంగళవారం లెక్కలోకి పోతుంది."

"పోనీ."

మానూ ఊరుకుంటుందా? తన తల్లికి ఇంకొకత్తె ఇస్తుంటే చూస్తూ కూర్చునే రకం కాదు. రెట్టింపు వేయించింది, అదీ మంగళవారంలోకే. ఆ వరసలో ఆ రోజు చేనులో ఉన్న మిగతా పదకొండు మంది మనవలు ఎవరెవరో బయటపడ్డారు. తమ బొడ్డు ఎవరు కోశారో ముసలివాళ్లకి ఒక్కొక్కరికే గుర్తొచ్చింది. టోపీలు లేని, కాగితాలు లేని, ఎవరూ ఎన్నడూ డోలు కొట్టి పిలవని ఆడవాళ్ల పేర్లు గోడ మీదికి ఎక్కడం మొదలెట్టాయి. వారాలు కలగాపులగమయ్యాయి. చివరికి ఉపదేశి లెక్క చూసి, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా, గెలిచింది మంగళవారమని అరిచాడు. మంగళవారం గెలవడం ఆయన ఎరిగి అదే మొదలు. తన బెంచీవాళ్లకి ఎలా గెంతాలో తెలియక ఆయనే నడుం తిప్పి చూపించాడు.

"నీ బుధవారం నీకొచ్చింది, మా గెలుపు పోయింది" అని బుధవారంవాళ్లు బిరాగోని ఇంటిదాకా తిడుతూనే ఉన్నారు. ఆవిడ వాళ్లని అంతకు రెండింతలు తిట్టింది. మూడు రోజుల తర్వాత నోరు తెరుచుకున్న సంతోషంలో ఏం తిట్టిందో కూడా చూసుకోలేదు.

క్వాయెక్రోమ్‌లో వానల ముందే తెరలు కట్టారు. పేజీ మొదట ఇప్పుడు ఒక కొత్త తప్పు కనపడుతుంది. కార్డులు నమ్మి ఊరి పెద్దల వారాలు తారుమారు చేశామని, క్షమించమని. ఇప్పుడు వారం ఏదని నేరుగా మనిషినే అడుగుతుంది పేజీ. తెలియనివాళ్లకే తేదీ. దాని కింద బిరాగో పట్టుబట్టి పెట్టించిన ఇంకో ప్రశ్న ఉంది. పుట్టినప్పుడు మిమ్మల్ని మొదట చేతుల్లోకి తీసుకున్నది ఎవరు? ఆ ప్రశ్న దగ్గర హాంబర్గువాళ్లంతా ఆగిపోయి ఊళ్లో అమ్మలకి ఫోన్లు చేస్తున్నారు. మూడేళ్లుగా ఫోన్ చెయ్యనివాళ్లు కూడా. ఆ బస్సు డ్రైవరు వాళ్ల ఊరి మంత్రసాని సమాధి వెతుక్కుంటూ వెళ్లి, ఫోటో తీసి, ఆవిడ పేర ఏడు తెరలు పంపాడు.

ఎలా మొదలైందో జనం అడుగుతున్నారని, బిరాగో కథ కూడా పేజీలో పెడదామని దూఫీ ఒక సోమవారం ఫోన్ పట్టుకుని బల్ల మీద కూర్చుంది.

"నువ్వు చెప్పు పెద్దమ్మా, నేను రాస్తా. పేరు?"

"అకువా బిరాగో. అకువా పెద్ద అక్షరాల్లో."

"పుట్టిన చోటు? చేను అని రాయనా?"

బిరాగో వడ తిరగేస్తూ గరిటెతో ఫోన్‌ని చూపించింది.

"ఒట్టి చేను అని రాస్తావేమే? చూసేవాళ్లు నన్ను ఏ తుప్పల్లోనో పడేశారనుకోరూ? శుభ్రంగా కలుపు తీసిన చేను అని రాయి. పన్నెండు మంది తీశారు. ఒక్క గడ్డిపరక లేదు."